తెలియదని సంతకం

కొత్తవరాలపాడు ఏరియా ఆసుపత్రిలో హెచ్ఐవీ కౌన్సెలరుగా పనిచేసే సువార్త పదకొండేళ్ళ పాటు ఒక ఘోరమైన పొరపాటు చేస్తూ వచ్చింది. జిల్లా అధికారి చిదానందంగారు వచ్చి చెప్పేదాకా అది పొరపాటని ఆవిడకీ తోచలేదు, ఆసుపత్రిలో మరెవరికీ తోచలేదు. పని సవ్యంగానే సాగుతోందని అందరూ అనుకున్నారు.

ఆవిడ చేసేదల్లా ఇంతే. వచ్చిన గర్భిణులందర్నీ ఒకే బల్ల మీద కూర్చోబెట్టేది. బరువు చూసే మిషను, బీపీ చూసే పట్టీ, రక్తం తీసే సూదులు, అన్నీ ఒక్క గదిలోనే పెట్టించుకుంది. మిగతా పరీక్షలతో పాటు ఆ పరీక్ష కూడా అందరికీ జరిగిపోయేది. ఎవరికైనా ఉందని తేలితే, "నీకు రక్తం తక్కువుందమ్మా, సోమవారం మళ్ళీ రా" అని పిలిచి, తలుపేసి, పక్కన కూర్చుని నెమ్మదిగా చెప్పేది. ఆ చుట్టుపక్కల గర్భిణుల్లో సగానికి సగం మందికి రక్తం తక్కువే కాబట్టి ఎవరూ వింతగా చూసేవారు కాదు. తల్లి మాత్రలు మానకుండా మింగుతూ, బిడ్డకు పుట్టిన రోజు నుంచీ ఆరు వారాలు మందు పోస్తే, ఆ జబ్బు బిడ్డ జోలికి రాకుండా చాలావరకు ఆపవచ్చు. ఆరో వారంలో బిడ్డ మడమ మీద చిన్న సూదితో పొడిచి, నాలుగు చుక్కల రక్తం అట్టముక్క మీద ఆరబెట్టి పరీక్షకు పంపుతారు. తల్లులు వచ్చేవారు, బిడ్డల్ని తెచ్చేవారు, ఎవరి గుట్టు వాళ్ళ దగ్గరే ఉండేది.

ఇందులో పొరపాటేమిటంటారా? గుట్టు నిలిచినట్టు ఒక్క కాగితం లేదు. అదీ పొరపాటు.

చిదానందంగారు రాజధానిలో మూడు రోజుల కార్యశాల ముగించుకుని వచ్చిన మర్నాడే జిల్లాలోని కౌన్సెలర్లందర్నీ పిలిపించారు. ఆ నెల తల్లీబిడ్డల పరీక్షా చికిత్సల ప్రోత్సాహక మాసమట. ఆయన సన్నగా, శుభ్రంగా ఉంటారు. మాట్లాడే ముందు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటారు.

"తల్లులు పరీక్షకు ఎందుకు రావడం లేదు? నలుగురికీ తెలుస్తుందన్న భయం వల్ల," అన్నారు ఆయన.

నిజమేనని అందరూ తలూపారు. సువార్త కూడా ఊపింది. అక్కడిదాకా ఎవరూ తప్పు మాట్లాడలేదు.

"కనుక మనం గోప్యతను పటిష్ఠపరచాలి. గోప్యత ఉందని మీరంతా నివేదికల్లో రాస్తున్నారు. ఉంటే దాని ఆధారమేది? ఆధారం లేని గోప్యతను ప్రభుత్వం గోప్యతగా పరిగణించజాలదు. ఇకమీదట మన జిల్లాలో గోప్యతను సంపూర్ణ పారదర్శకతతో అమలు చేస్తాం."

ఆ పారదర్శకత పేరు ఫారం తొమ్మిది. పూర్తి పేరు అపరిజ్ఞాన ధ్రువీకరణ పత్రం. దాన్ని ఒక గుమస్తా లేచి నిలబడి చదివాడు. 'ఈ దిగువ సంతకములు చేయు మేము, ఫలానా గ్రామ కాపురస్తురాలు శ్రీమతి ఫలానాకు హెచ్ఐవీ యున్న సంగతి మాకెంతమాత్రమూ తెలియదనియు, ఇకముందు కూడా తెలియబోదనియు ఇందుమూలముగా ధ్రువీకరించుచున్నాము.' కింద ఆరు సంతకాలుండాలి. అత్తగారిది ఒకటి, ఇరుగుది ఒకటి, పొరుగుది ఒకటి, ఎదురింటిది ఒకటి, రేషను డీలరుది ఒకటి, గ్రామపెద్దది ఒకటి. పదిహేను రోజుల్లో ఫారం రాకపోతే ఆ తల్లికీ బిడ్డకీ మందుగానీ పరీక్షగానీ ఇవ్వకూడదు.

సువార్త లేచింది. "సార్, ఆ కాగితం చదివితే అందరికీ తెలిసిపోయిద్ది గదా సార్."

చిదానందంగారు కళ్ళద్దాలు తుడుచుకున్నారు. కోపం రాలేదు ఆయనకు. కింది ఉద్యోగుల అమాయకత్వం మీద ఆయనకు ఎప్పుడూ జాలే.

"అది చదవడానికి కాదమ్మా. సంతకం పెట్టడానికి," అన్నారు.

ముందు వరసలో ఇద్దరు ఆ మాట నోటుపుస్తకాల్లో రాసుకున్నారు.

అప్పటికి సువార్త జాబితాలో అందరికన్నా చిన్న బిడ్డ గంగిరేవులపాలెం తిరుపతమ్మ కూతురు. పుట్టి పదమూడు రోజులు. తిరుపతమ్మకు ఇరవై రెండేళ్ళు, మిరపకాయల కోతకు పోతుంది. మొగుడు బోరు లారీ మీద పనికి కర్ణాటక పోయాడు. అతనికీ ఉంది, అక్కడే మాత్రలు తెచ్చుకుని మింగుతున్నాడు. అత్తగారు సుబ్బులుకు మాత్రం ఏమీ తెలియదు. మనవరాలికి పోసే మందు బలానికనుకుంటోంది. పరీక్షకి ఇంకా ఇరవై తొమ్మిది రోజులుంది. మందు ఒక్కరోజు కూడా ఆగకూడదని సువార్త, ఆగనివ్వనని తిరుపతమ్మ ఒకరికొకరు మాటిచ్చుకున్నారు.

సువార్త ఆ ఊరి ఆశా కార్యకర్త మల్లీశ్వరికి ఫోను చేసి, నేను వచ్చేదాకా ఫారం బయటికి తీయొద్దని చెబుదామనుకుంది. మల్లీశ్వరి ఫోను ఎత్తలేదు. ఎత్తడానికి ఆమె చేతులు ఖాళీగా లేవు. జిల్లా ఆఫీసు నుంచి ఆమెకు నేరుగా ఆదేశం వెళ్ళింది. సువార్త బస్సు దిగి ఆ వీధిలోకి తిరిగేసరికి సుబ్బులు అరుగు మీద మిరపకాయల తొడిమలు తీస్తోంది. ఎదురుగా మల్లీశ్వరి ఫారమూ, ఇంకు డబ్బా పట్టుకుని గొంతుక్కూర్చుని ఉంది.

"ఏలిముద్ర ఎయ్యి అత్తా, నాకు ఇంకా ఐదిళ్ళు తిరిగే పనుంది."

"దేనికే?"

"నీకు తెలవదని."

"ఏంది తెలవంది?"

"అది తెలిస్తే ఇంక నీ ఏలిముద్ర పనికిరాదు."

సుబ్బులు చేతిలో కాయ పక్కన పెట్టింది. "నాకు తెలవనియ్యి శానా ఉండాయి. యాదానికని ఎయ్యను?"

పక్కింటి అమ్మాయి పది దాకా చదివింది. ముసలామెకు సాయం చేద్దామని మంచి మనసుతో వచ్చి, కాగితం అందుకుని, గట్టిగా, స్పష్టంగా, తప్పు లేకుండా చదివి పెట్టింది. సువార్త పరుగెత్తినంత పనిచేసింది గానీ కాగితమే ముందు పూర్తయింది.

గడపలో తిరుపతమ్మ బిడ్డను భుజాన వేసుకుని నిలబడి ఉంది. సువార్త వైపు చూసింది. అందులో కోపం లేదు. నువ్వు కూడానా అన్నట్టు చూసింది, అంతే. సువార్తకు సిగ్గు వేసింది. తన తప్పు కాదని తెలిసి కూడా సిగ్గు వేసింది.

పొద్దు వాలేసరికి ఊరందరికీ తెలిసింది. చిక్కు అక్కడే వచ్చిపడింది. తెలిసిపోయింది కాబట్టి తెలియదని సంతకం పెట్టడానికి ఎవరూ ఒప్పుకోలేదు. రేషను డీలరు మరీ గట్టిగా తిరగబడ్డాడు. తూకంలో ఎన్నడూ పట్టించుకోని అంతరాత్మ అతనికి ఆరోజు అడ్డం వచ్చింది.

"తెలిసినదాన్ని తెలవదని రాసి రేపు నేను జైలుకు బోవాలా? నా వల్లగాదు మేడమ్," అన్నాడు.

సువార్త జిల్లా ఆఫీసుకు వెళ్ళి జరిగిందంతా చెప్పింది. ఆ పిల్ల బతుకు వీధిన పడిందని, ఫారం తొమ్మిదిని ఇక్కడితో ఆపమని అడిగింది. చిదానందంగారు శ్రద్ధగా విన్నారు.

"తెలియడం సమస్య కాదమ్మా. తెలిసిన తరువాత తెలియని స్థితికి తిరిగి రాలేకపోవడం సమస్య. దీన్ని సామర్థ్య లోపం అంటాం. సామర్థ్య లోపానికి పరిష్కారం శిక్షణ."

అలా గంగిరేవులపాలెం ప్రాథమిక పాఠశాలలో విస్మరణ నైపుణ్య శిక్షణ జరిగింది. రాజధాని నుంచి ఒక శిక్షకుడు వచ్చాడు. ఉప్మా పెట్టారు. శిక్షకుడు అందర్నీ కళ్ళు మూసుకోమని, "మీరు ఏ విషయాన్ని మరచిపోవాలో దాన్ని ముందుగా మనసులో గట్టిగా నిలుపుకోండి" అన్నాడు. వెనక బెంచీల్లో గుసగుసలు లేచాయి. ఊరి చివర దొడ్ల నుంచి, పొలాల్లోని గుడిసెల నుంచి వచ్చిన పధ్నాలుగు మందికి అసలు విషయమేమిటో తెలియదు. వాళ్ళు వెనకబడిపోకూడదు గదా. మరచిపోవడానికి వీలుగా ముందు వాళ్ళకు మల్లీశ్వరి చేత విషయం వివరంగా చెప్పించారు.

సువార్త గోడకు ఆనుకుని నిలబడి చూసింది. రెండుసార్లు అడ్డుపడబోయింది. రెండుసార్లూ శిక్షకుడు ఆవిడకి ఉప్మా తెప్పించాడు.

శిక్షణ చివర పరీక్ష పెట్టారు. ఒకటే ప్రశ్న. మీ గ్రామంలో ఏ ఇంటి సంగతి మీకు తెలియదు? గోప్యతను దృష్టిలో పెట్టుకుని మనిషి పేరు రాయనివ్వలేదు. ఇంటి నంబరు మాత్రం రాయాలి. మూడు బై నలభై ఏడు అని రాసినవాళ్ళు అరవై ఒక్కమంది ఉత్తీర్ణులయ్యారు. గొర్రెలు మేపుకునే కాటమయ్య అనే ముసలాయన తనకు ఏ ఇంటి సంగతీ తెలియదని చెప్పి తప్పాడు. ఆయన్ని విడిగా కూర్చోబెట్టి, మూడు బై నలభై ఏడు ఎవరిదో, వాళ్ళింట్లో సంగతేమిటో బోధించి, మళ్ళీ పరీక్ష పెట్టి పాసు చేయించారు. అరవై రెండు మందీ సంతకాలు చేశారు. సుబ్బులు చేత కూడా వేలిముద్ర వేయించారు. ఫారం తొమ్మిదికి ఆరు సంతకాలు చాలుగానీ, గంగిరేవులపాలెం ఫారానికి అదనంగా రెండు తావులు కుట్టాల్సి వచ్చింది.

పాఠాలన్నీ ఊరు బాగా ఒంటబట్టించుకుంది. బోరింగు దగ్గర తిరుపతమ్మ వస్తే ఆడవాళ్ళు బిందెలు తీసుకుని పక్కకు జరిగేవారు, ఎందుకు జరిగారో తమకేమీ తెలియనట్టు. అంగన్‌వాడీలో బాలింతలకిచ్చే గుడ్డు ఆమె చేతికివ్వకుండా గట్టు మీద పెట్టారు. ఎవరూ ఒక్క మాట అనలేదు. అనకూడదని శిక్షణలో చెప్పారు.

తిరుపతమ్మ ఒకసారి సువార్తకు ఫోను చేసింది.

"పాపకి మందు పోస్తానే ఉండానమ్మా. ఎవరేమనుకున్నా నువ్వు మాత్రం ఆపబాక."

"ఆపనమ్మా. నువ్వు మాత్రలు మింగుతున్నావా?"

"మింగుతున్నా. ఎక్కడ దాక్కొని మింగాలో ఇప్పుడా బాధ లేదుగా," అని ఫోను పెట్టేసింది.

బిడ్డకు ముప్పయ్యో రోజున తిరుపతమ్మ ఊరు విడిచి వెళ్ళిపోయింది. ఎవరికీ చెప్పలేదు. ఫోను కట్టేసింది. మల్లీశ్వరి వీధి వీధి తిరిగి అడిగితే ఊరు ఊరంతా ఒకే మాట చెప్పింది, మాకు తెలవదని. ఈసారి అది నిజం.

సువార్త నివేదిక రాసింది. మందు ఆగిపోయి ఉంటుందని, పరీక్షకు పన్నెండు రోజులే ఉందని, వెతకడానికి బండి కావాలని. చిదానందంగారే స్వయంగా ఫోను చేశారు. ఆయన గొంతులో సంబరం.

"ఎక్కడికి వెళ్ళారో అత్తగారికి కూడా తెలియదా? ఇరుగుపొరుగుకి? డీలరుకి? అద్భుతం. నేను సర్వీసులో ఇంతటి గోప్యతను చూడలేదు. మీ గ్రామాన్ని సంపూర్ణ అపరిజ్ఞాన గ్రామంగా ప్రతిపాదిస్తున్నాను."

"పిల్లకి మందు అందాలి సార్."

"ఫారం పూర్తయింది గదమ్మా. ఇక మందు ఇవ్వడానికి ఎలాంటి అభ్యంతరమూ లేదు. వచ్చి తీసుకోమనండి."

నాలుగు రోజులు గడిచాయి. అయిదో రోజు ఉదయం గర్భిణుల వెనక బల్ల చివర సుబ్బులు వచ్చి కూర్చుంది. తన వంతు వచ్చేదాకా కదలలేదు. లోపలికి వచ్చాక తలుపు తనే వేసింది. సంచిలోంచి మందు సీసా తీసి బల్ల మీద పెట్టింది. సగానికి పైగా నిండుగా ఉంది.

"తొందర్లో ఇది మర్చిపోయి బోయింది. పొద్దన పూట పిల్ల నోట్లో పోసేది. ఇయ్యాలకి ఐదు దినాలయింది."

"ఎక్కడికి పోయిందో నీకు తెలుసా సుబ్బులమ్మా?"

"తెలవదని ఏలిముద్ర ఏసినా గదమ్మా." కొంగుతో మూతి తుడుచుకుంది. "నేనే కంచం ఏరే పెట్టినా దానికి. ఒక్క పూటే. అది తినలా. పిల్లనెత్తుకొని బోయింది."

సువార్తకు ఒళ్ళు మండింది. ముసలామె మీద కాదు. కూర్చోబెట్టి చెప్పింది. ఒక కంచంలో తిన్నా, ఒక గుడ్డ కప్పుకున్నా, ఎత్తుకుని ముద్దులాడినా అది అంటుకోదని. కోడలు మాత్రలు వేసుకుంటే నీకన్నా గట్టిగా బతుకుతుందని. సుబ్బులు అంతా విన్నది.

"ఈ ముక్క సెప్పను మటుకు మా ఊళ్ళోకి ఒక్కరూ రాలా. ఏలిముద్రకి ఆర్సార్లు వచ్చినారు," అంది.

మందు సీసా మళ్ళీ సంచిలో పెట్టుకుని, "వాళ్ళక్క కాడ ఉండాది. రేగులగడ్డ మిరప కళ్ళంలో. నాకు తెలుసు," అంది.

ఇద్దరూ ఆ పూటే ఆటో మాట్లాడుకుని బయల్దేరారు. రేగులగడ్డ పక్క మండలం. కళ్ళం నిండా ఎర్రగా కాయలు ఆరబోసి ఉన్నాయి. ఘాటుకు సువార్త తుమ్ముతూనే ఉంది. పట్టాకప్పిన పాకలో తిరుపతమ్మ వీళ్ళను చూసి లేచి, బిడ్డను ఒంటికి అదుముకుని వెనక్కి జరిగింది.

"కాగితం తెచ్చారా?" అని అడిగింది.

"మందు తెచ్చాం," అంది సువార్త.

సుబ్బులు ముందుకెళ్ళి రెండు చేతులూ చాచింది. తిరుపతమ్మ చాలాసేపు ఇవ్వలేదు. తర్వాత ఇచ్చింది. ముసలామె మనవరాల్ని ఒళ్ళో పడుకోబెట్టుకుని, కొలత గొట్టంతో మందు తనే పోసింది. బిడ్డ సగం మింగి సగం ఆమె కొంగు మీద ఉమ్మేసింది. మళ్ళీ కొలిచి పోశారు. తిరుపతమ్మ అప్పుడు ఏడ్చింది.

ఆరు వారాల టీకా బుధవారం పడింది. రేగులగడ్డ ఆరోగ్య కేంద్రం వరండా నిండా తల్లులు. పాతికమంది పిల్లలకు సూదులు వేస్తున్నారు, పాతికమందీ గుక్కపట్టి ఏడుస్తున్నారు. ఆ గోలలో తిరుపతమ్మ కూతురికి తొడ మీద టీకా వేయించి, పక్కగదిలో మడమ మీద పొడిచి నాలుగు చుక్కలు అట్ట మీద పట్టించింది సువార్త. ఇంకో పిల్ల ఇంకాసేపు ఏడ్చిందని ఎవరూ తలతిప్పి చూడలేదు. ఆ గుట్టుకు సాక్షి సంతకాలు తీసుకోవాలని కూడా ఎవరికీ తోచలేదు.

అదేరోజు గంగిరేవులపాలెంలో సన్మాన సభ జరిగింది. పాఠశాల ముందు నిలువెత్తు ఫ్లెక్సీ కట్టారు. 'సంపూర్ణ అపరిజ్ఞాన గ్రామం. మా ఊరిలో ఎవరికీ ఏమీ తెలియదు.' చిదానందంగారు సర్పంచికి శాలువా కప్పారు. అరవై రెండు మందికీ ప్రశంసాపత్రాలిచ్చారు. తర్వాత ఊరేగింపుగా వెళ్ళి మూడు బై నలభై ఏడు నంబరు ఇంటి తలుపుకు 'ఆదర్శ గోప్య గృహం' అన్న రేకు బిగించి, పూలదండ వేసి, ఫోటోలు తీయించుకున్నారు. తలుపుకు తాళం వేసి ఉంది. ఇంట్లోవాళ్ళెక్కడని ఆయన అడిగితే జనం ముక్తకంఠంతో తెలియదన్నారు. ఆయన కళ్ళు చెమ్మగిల్లాయట. మల్లీశ్వరి చెప్పింది.

పదిహేను రోజులకు పరీక్ష ఫలితం వచ్చింది. బిడ్డ రక్తంలో వైరస్ లేదు. సువార్త ఆ కాగితాన్ని మూడుసార్లు చదివి, రేగులగడ్డకు ఫోను చేసి చెప్పింది. ఆరో నెలలో, ఏడాదికి, పద్దెనిమిదో నెలలో మళ్ళీ చూడాలని, తల్లి మాత్రలు, ఆరు వారాలు దాటాక బిడ్డకు కొత్తగా మొదలెట్టిన మందు ఆపొద్దని కూడా చెప్పింది. అవతల్నుంచి సుబ్బులు గొంతు, మళ్ళీ చెప్పు, మళ్ళీ చెప్పు అంటూనే ఉంది. సువార్త మళ్ళీ చెప్పింది.

ఆ ఫలితం వచ్చిన కవరులోనే ఇంకో కాగితం ఉంది.

'సదరు తల్లి నివాసము ఎవరికిని తెలియదని అరువది ఇద్దరు గ్రామస్థులు, అత్తగారు ధ్రువీకరించియుండగా, తమరు పొరుగు మండలము నుండి సదరు బిడ్డ నమూనా పంపుట గమనించడమైనది. ఆ నివాసము తమకెటుల తెలిసినది? ఇది గోప్యతా ఉల్లంఘన ఎందుకు కారాదో మూడు దినములలో సంజాయిషీ ఇవ్వవలెను. జతపరచిన ఫారం తొమ్మిదిపై తమరు సంతకము చేసి పంపినచో తదుపరి చర్య యుండదు. సదరు బిడ్డ పేరు జాబితా నుండి తొలగించి ఫైలు మూసివేయబడును.'

మార్చి నెలాఖరు. ఏప్రిల్లో సువార్త కాంట్రాక్టు ఉద్యోగం పొడిగింపు కాగితాలు కదిలేది చిదానందంగారి బల్ల మీదనే. సువార్తకు ఇంట్లో ఇద్దరు చదువుకునే పిల్లలున్నారు. ఆసుపత్రి గుమస్తా సుభాషిణి పెన్ను తెచ్చి చేతిలో పెట్టింది.

"పెట్టేయక్కా. ఊరంతా పెట్టింది, నువ్వొక్కదానివి పెడితే ఏం పోయిద్ది?"

"జాబితాలో పేరు పోయిద్ది. ఆరో నెలలో ఆ పిల్లని పిలిచేవాళ్ళెవరు?"

"నీ పేరు పోయిద్దక్కా నువ్వు పెట్టకపోతే."

సువార్త భయపడింది. భయపడలేదంటే అబద్ధం. ఫారం ముందేసుకుని, మంచినీళ్ళు తాగి, చాలాసేపు కూర్చుంది. తర్వాత 'తెలియదనియు, తెలియబోదనియు' అన్న వరుసను అడ్డంగా కొట్టేసి, పైన ఖాళీలో కుదురుగా రాసింది.

'నాకు తెలుసు. తల్లి తెలుసు, బిడ్డ తెలుసు, ఎక్కడున్నారో తెలుసు. బిడ్డ బరువు నాలుగు కిలోల రెండు వందలు. ఆగస్టు అయిదో తారీఖున ఆరో నెల పరీక్షకు నేను వెంటబెట్టుకుని వస్తాను, అప్పటికి ఉద్యోగంలో ఉన్నా లేకపోయినా.'

కింద పూర్తి పేరు రాసి సంతకం పెట్టింది.